థర్మల్ కెమెరా రీడింగు: ఏసీ గదిలో ఒకటి, ఎండలో మేడ మీద ఇంకొకటి

ఎంఎల్‌ఎక్స్90640 అనే, వేడిని దూరం నుంచే పట్టే సెన్సరుని ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డుకి కలిపి చేసిన కెమెరా గదిలో బాగానే పనిచేస్తోంది. 32×24, అంటే 768 పిక్సెళ్లే అయినా ఫ్యూజు బాక్సులో వేడెక్కిన స్క్రూని పట్టుకోవడానికి చాలు. ఇప్పుడు చూస్తున్నది చుట్టూ వాతావరణం మారితే రీడింగు ఎంత జరుగుతుందన్నది.

రీడింగుని సరిచూసుకోవడానికి చల్లటి వైపు ఆధారం ఐసు నీళ్లు. ఐసు మెత్తగా దంచి, మునిగీ మునగనట్టు నీళ్లు పోసి కలుపుతూ ఉంటే ఎక్కడైనా సున్నా డిగ్రీలే. మరిగే నీళ్లతో ఆ భరోసా లేదు: హైదరాబాద్ ఎత్తులో 98 దగ్గరే మరుగుతాయి, పైగా ఆవిరి అడ్డం. అందుకే స్టీలు గ్లాసులో వేడినీళ్లు పోసి, బయట నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, ఆ టేపునే కొలుస్తున్నా. నీళ్ల అసలు వేడి చెప్పడానికి లోపల డీఎస్18బీ20 ఉష్ణోగ్రత ప్రోబు. స్క్రీను మీద టేపు ముక్క తెల్లగా వెలుగుతుంది. దాన్ని ఆనుకుని ఉన్న ఉత్తి స్టీలు, ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉన్నా, గోడంత చల్లగా కనిపిస్తుంది. మెరిసే లోహం తన వేడి కన్నా చుట్టుపక్కల వేడినే ఎక్కువ తిప్పికొడుతుంది మరి.

అసలు చిక్కు మధ్యాహ్నం మేడ మీద. నీడలో పెట్టినా, ఐసు నీళ్ల రీడింగు సున్నాకి రెండు డిగ్రీలకు పైగా కిందికి పోయింది. సెన్సరు తయారుచేసే మెలెక్సిస్ ఇచ్చే కోడు, సెన్సరు లోపలి వేడిలోంచి 8 డిగ్రీలు తీసేసి, దాన్నే పరిసరాల ఉష్ణోగ్రత అనుకుంటుంది. సెన్సరు డబ్బా లేకుండా గాలికి ఉంటే ఆ 8 సరిపోతుంది. డబ్బాలో బోర్డు పక్కనే ఉంటే లోపల ఇంకా వేడెక్కుతుంది. దానికి తోడు, ఏటవాలుగా చూసే కెమెరాకి నీళ్లలో ప్రతిఫలించేది ఆకాశం. ఎండాకాలంలోనూ అది గాలి కన్నా చాలా చల్లన. కోడు వేడి పరిసరాల నుంచి ప్రతిఫలించే వాటా అనుకుని తీసేస్తుంటే, అక్కడ నిజంగా ఉన్నది చల్లటి ఆకాశం.

నాకు బాగా పనికొచ్చిన ఉపాయం అల్యూమినియం ఫాయిలు. ఉండచుట్టి, మళ్లీ పరిచి, కొలిచే వస్తువు పక్కనే అదే వాలులో పెట్టాలి. ఎమిసివిటీ (వస్తువు తన వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 1 పెట్టి ఫాయిలుని చూస్తే వచ్చే అంకె పరిసరాల ఉష్ణోగ్రత. దాన్ని కోడులో ఇచ్చి, ఎమిసివిటీ మళ్లీ 0.95 చేస్తే రీడింగు సున్నా దగ్గరికి వచ్చేసింది.

ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన వెంటనే మాత్రం కొలవకండి. సెన్సరు లోపలి వేడి నిలకడగా నిలిచేదాకా ఆగాలి. స్విచ్ వేశాక కూడా నాలుగైదు నిమిషాలు.

గాలి విసురుకీ రీడింగు ఊగుతోంది. తర్వాత చేయబోయేది సెన్సరు చుట్టూ చిన్న గొట్టం.