పెంకుల దిబ్బ నుంచి ఘెట్టో దాకా: రోమ్‌లో ఒక గురువారం

రోమ్ వెళ్లే మనవాళ్లు చాలామంది కొలోసియం, వాటికన్ చూసి, ఆ చుట్టుపక్కలే ఏదో తినేసి తిరిగొచ్చేస్తారు. ఆ ఊరి తిండి ఎక్కడ పుట్టిందో తెలియాలంటే టెస్టాచ్చో పేటకి వెళ్లాలి. నేనైతే దానికి గురువారమే పెట్టుకుంటాను. ఆదివారం అక్కడి మార్కెట్ ఉండదు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా, నడక చివర వచ్చే యూదుల పేట ఘెట్టోలో కోషర్ హోటళ్లు (యూదుల మత నియమాల ప్రకారం వండేవి) తెరవరు. పైగా గురువారం న్యోక్కి (బంగాళాదుంప, పిండి కలిపి చేసే చిన్న ముద్దలు), శుక్రవారం చేప, శనివారం బోటి అన్నది రోమ్ వంటిళ్ల పాత లెక్క.

మెట్రో బి లైన్‌లో పిరమిదే స్టేషన్‌లో దిగాలి. టికెట్ 1.50 యూరోలు, 100 నిమిషాలు చెల్లుతుంది. ఆ టికెట్ మీద మెట్రో ఒక్కసారే, బస్సులు, ట్రాములు ఎన్నయినా మారొచ్చు.

అక్కడి నుంచి కొద్ది దూరం నడిస్తే మోంతే టెస్టాచ్చో. దాదాపు 35 మీటర్ల ఎత్తున్న గుట్ట, మొత్తం పగిలిన మట్టి జాడీల పెంకులే. రోమన్ సామ్రాజ్య కాలంలో ఇప్పటి స్పెయిన్ దక్షిణ భాగం నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడల్లో ఆలివ్ నూనె వచ్చేది. స్పెయిన్ జాడీ ఒక్కోటి ఖాళీగానే 30 కిలోలు, పట్టేది 70 లీటర్లు. నూనె మట్టిలోకి ఇంకి కంపు కొడుతుంది కాబట్టి వాటిని మళ్లీ వాడలేరు. అందుకే పగలగొట్టి వరసలుగా పేర్చి, వాసన రాకుండా సున్నం చల్లారు. పైకెక్కాలంటే ముందే బుక్ చేసుకోవాలి. కుదరకపోయినా ఫరవాలేదు. గుట్ట అడుగున తొలిచిన గదుల్లో హోటళ్లున్నాయి, కొన్నిటిలో వెనక గోడకి అద్దం బిగించారు. దగ్గరికెళ్లి చూస్తే జాడీల చెవులు, మూతులు ఒకదానిమీద ఒకటి కనిపిస్తాయి.

ఎదురుగానే పాత కబేళా. 1888-91 మధ్య కట్టారు, 1975లో మూసేశారు. ఇప్పుడు అందులో ప్రదర్శనశాలలు, విశ్వవిద్యాలయ తరగతులు ఉన్నాయి. మాంసం వేలాడదీసి తోసుకెళ్లిన ఇనుప పట్టాలు ఇంకా తలమీదే ఉన్నాయి, తప్పకుండా చూడండి. మంచి మాంసం డబ్బున్నవాళ్లకి పోగా, కూలీలకి జీతంలో కొంత తోక, పేగులు, బోటి రూపంలో ముట్టేది. దాన్ని ‘క్వింతో క్వార్తో’, అంటే మాంసం నాలుగు పాతికలూ పోగా మిగిలిన అయిదో పాతిక అంటారు. తోకని టమాటా, సెలెరీ కాడలతో గంటల తరబడి ఉడికిస్తే కోదా అల్లా వాచ్చినారా. పాలు తాగే దూడ పేగుల్ని లోపలి పాలతో సహా వండితే పయాతా, వేడికి ఆ పాలు జున్నులా గడ్డకడతాయి. పిచ్చి ఆవు జబ్బు భయంతో 2001లో దీన్ని నిషేధించి, 2015లో మళ్లీ అనుమతించారు. బోటి కూర ఇష్టంగా తినే తెలంగాణవాళ్లకి ఇక్కడి బోటి వంటకం త్రిప్పా కొత్తేమీ కాదు, కాకపోతే కారం ఉండదు, పుదీనా జాతి ఆకు, పెకొరీనో అనే గొర్రెపాల చీజ్ పడతాయి. ఇవన్నీ ఎక్కువగా గొడ్డుమాంసమే, తినని వాళ్లు ముందే అడగాలి.

శాకాహారులు మోసపోయేది అమాత్రిచానా దగ్గర. చూడ్డానికి ఉత్త టమాటా పాస్తా, లోపల పంది చెంప మాంసం. కాచో ఎ పేపే (చీజ్, మిరియాల పాస్తా)లో మాంసం లేదు గాని, అందులో వేసే పెకొరీనో రొమానో చీజ్ కోసం పాలని గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్ అనే తోడుతో విరగ్గొడతారు. అది కూడా వద్దంటే న్యోక్కి టమాటా సాస్‌తో అడిగి, ‘సెంజా ఫొర్మాజ్జో’ అనండి, చీజ్ వెయ్యరు. సాస్‌లో మాంసం ఉందేమో కూడా కనుక్కోండి. పాస్తా, తర్వాత మాంసం, పక్కన కూర అన్నీ ఒక్కరే తెప్పించుకుంటే సగం వదిలేస్తారు. ఇద్దరికి రెండు పాస్తాలు, ఒక కూర చాలు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కూర్చోండి, మూడు దాటితే చాలాచోట్ల వంటిల్లు కట్టేస్తారు.

తర్వాత నది వెంట అరగంట నడక, పాత యూదుల ఘెట్టో వస్తుంది. 1555లో పోప్ నాలుగో పౌలు వాళ్లని ఇక్కడ గోడలమధ్య పెట్టించి, రాత్రుళ్లు తలుపులకి తాళాలు వేయించాడు. ఇక్కడ తినాల్సింది కార్చోఫీ అల్లా జుదియా, అంటే యూదుల పద్ధతిలో వేయించిన ఆర్టిచోక్ అనే పూమొగ్గ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే రోమ్ ఆర్టిచోక్‌లకి ముళ్లుండవు, లోపల నూగు ఉండదు, అందుకే మొత్తం తినొచ్చు. గట్టి రేకులు చెక్కి, నల్లబడకుండా నిమ్మకాయ నీళ్లలో వేస్తారు. మొదట సన్న సెగ మీద నూనెలో కాడ మెత్తబడేదాకా, తర్వాత రేకులు విప్పదీసి బాగా కాగిన నూనెలో మళ్లీ వేయిస్తారు. ఒక్కసారే వేయిస్తే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. అసలు కాలంలో కాకుండా వెళ్తే ఆర్టిచోక్ వేరే ఊళ్లది కావచ్చు, ముందు అడిగి తెప్పించుకోండి. రాగానే తినాలి, అయిదు నిమిషాలు ఆగితే రేకులు మెత్తబడిపోతాయి.