కింద కొట్టిన కొత్త నల్లరంగు నమ్మి పాత ఫోర్ బై ఫోర్ కొన్నాను: తుప్పుతో నా అనుభవం

బండి నిన్న సాయంత్రమే షెడ్డు నుంచి ఇంటికొచ్చింది. నా చేతులకి మైనం వాసన ఇంకా పోలేదు. కోపం చల్లారకముందే రాసేస్తే, ఇలాంటి బండి కొనబోతున్న ఒక్కరికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

ఇంజన్ గురించి చెప్పేదేమీ లేదు. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాను, పొగ లేదు, నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందించే ఫోర్ వీల్ గేర్లు, హై, లో రెండూ సాఫీగా పడ్డాయి. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. బేరం అరగంటలో తెగింది.

తుప్పు చూడాలని తెలియక వెళ్లినవాణ్ని కాదు నేను. పెయింట్ గీసుకుపోకుండా గుడ్డ చుట్టిన అయస్కాంతం జేబులో పెట్టుకుని మరీ వెళ్లాను. ఇనుప రేకు మీద అది గట్టిగా పట్టుకుంటుంది, పుట్టీ మందంగా పెట్టినచోట పట్టు వదిలేస్తుంది. తలుపుల కింది అంచులు, చక్రాల పైన వంపులు, ముందు అద్దం చుట్టూ ఉండే ఫ్రేము, అన్నీ తడిమాను. మ్యాట్లు ఎత్తి నేల రేకు చూశాను. వెనక కుడి చక్రం పైన ఒక్కచోట అయస్కాంతం జారింది, దాని పక్కనే గోరంత పెయింట్ బుడగ. "అదేం లేదండీ, చిన్న టచప్‌తో పోతుంది" అన్నాడు అమ్మినాయన. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని కిందికి టార్చి కొట్టి చూశాను. ఛాసిస్, అంటే బండి బరువంతా మోసే ఇనుప చట్రం, ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లగా నిగనిగలాడుతోంది. "పోయిన నెలే తుప్పు పట్టకుండా అడుగున అండర్ కోటింగ్ కొట్టించాను, ఇక మీకు ఏళ్ల తరబడి దిగుల్లేదు" అన్నాడు. బండిని ఎంత బాగా చూసుకున్నాడో అని ముచ్చటపడ్డాను. పదేళ్లకు పైగా బురదలో, వాగుల్లో తిరిగిన బండికి, సరిగ్గా అమ్మే నెల ముందు నల్లరంగు ఎందుకు కొట్టించాడని అడగాలి కదా. అడగలేదు.

కొన్న నాలుగో రోజు ఆ గోరంత బుడగ పని చేయించుకుందామని ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. ఇద్దరు స్నేహితులు కూడా వచ్చారు. దారంతా వాళ్లకి నేను బండి ఎలా పరీక్షించానో, అయస్కాంతం ఎలా వాడానో చెబుతూనే ఉన్నాను. అక్కడి పెద్ద మేస్త్రీ బుడగ వంక కూడా చూడలేదు, ముందు బండిని లిఫ్ట్ ఎక్కించమన్నాడు. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా తడుతూ వెళ్లాడు. ముందు భాగమంతా ఖంగుమని పలికింది. వెనక ఇరుసుని పట్టుకునే కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) ఛాసిస్‌కి బిగించే బ్రాకెట్ దగ్గరికొచ్చేసరికి చప్పుడు మారిపోయింది, తడిసిన చెక్కని కొట్టినట్టు మొద్దుగా. ఏమీ మాట్లాడకుండా స్క్రూడ్రైవర్ తీసి అక్కడ నొక్కాడు. పిడి దాకా లోపలికి దిగిపోయింది. నా కళ్ల ముందే.

నోట మాట రాలేదు. ఆయన దాన్ని బయటికి లాగితే ఎర్రటి పొక్కులు, వాటి వెంట తడి మట్టి రాలి నేల మీద కుప్పపడ్డాయి. పక్క బండ్ల వాళ్లు కూడా వచ్చి గుమిగూడారు, ఒకతను ఫోన్ తీసి వీడియో కూడా తీశాడు. "కింద చూడకుండానే కొన్నారా సార్?" అని మేస్త్రీ గట్టిగానే అడిగాడు. చూశానని చెప్పాలో, చూడలేదని చెప్పాలో తెలియలేదు. మా వాళ్లిద్దరూ నా మొహం చూడకుండా పక్కకి తిరిగారు. తల కొట్టేసినట్టయింది. మూడు రాత్రులు ఆ స్క్రూడ్రైవరే కళ్లలో మెదిలింది.

తర్వాత వైర్ బ్రష్‌తో గోకుతుంటే ఆ నల్ల కోటింగ్ చెట్టు బెరడులా పెద్ద పెద్ద పెళ్లలుగా ఊడొచ్చింది, దాని కింద చెమ్మ. మేస్త్రీ చెప్పాక అర్థమైంది. తుప్పు అది తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పైన పెయింట్ ఉబ్బుతుంది. తుప్పు తీయకుండా కోటింగ్ కొడితే నీరు సందుల్లోంచి లోపలికి వెళ్తుంది గానీ ఆరే దారి ఉండదు. ఇంకా ఘోరమేమిటంటే ఛాసిస్ పెట్టెలా లోపల బోలుగా ఉంటుంది. నీళ్లు కారిపోవడానికి ఉండే చిల్లులు బురదతో మూసుకుపోతే ఆ మట్టి లోపలే తడిగా కూర్చుని ఇనుముని లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. బయట టార్చి వేసి ఎంత చూసినా కనబడదు. సముద్రపు ఇసుకలోనో, మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్లమీదో తిరిగిన బండికైతే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "చూసుకునే కదా కొన్నారు" అని పెట్టేశాడు. గీతలు పడ్డ డోరుకి రంగేసి అమ్మితే సరే అనుకుంటాను. ఆ బ్రాకెట్ ఊడితే వెనక ఇరుసే పక్కకి పోతుంది, లోపల పిల్లలుండొచ్చు. తెలిసీ దాని మీద రంగు కొట్టించినవాణ్ని, డబ్బులు తీసుకుని కొట్టినవాణ్ని ఇద్దరినీ నేను క్షమించలేను.

మరో షెడ్డులో అడిగితే "పైన ఒక ప్లేటు వేసి అతికిస్తాం, సాయంత్రానికి బండి తీసుకెళ్లండి" అన్నారు. ఒప్పుకోలేదు. ఈసారి మాత్రం గట్టిగా నిలబడ్డాను, అందుకు నాకు గర్వంగానే ఉంది. తుప్పు పట్టి పల్చబడ్డ ఇనుము మీద వెల్డింగ్ నిలవదు, కాలి చిల్లు పెద్దదవుతుంది, నిలిచినా ప్లేటు వెనకాల కుళ్లు అలాగే సాగుతుంది. చివరికి ఆ మొదటి మేస్త్రీ దగ్గరికే వెళ్లాను. ఆయన బ్యాటరీ వైర్లు విప్పి, పెట్రోల్ ట్యాంకు దింపి దూరంగా పెట్టాకే గ్రైండర్ పట్టుకున్నాడు. మెరిసే ఇనుము కనబడేదాకా కోసి, ఛాసిస్ ఎంత మందమో అంతే మందం ప్లేటు పెట్టి చుట్టూ వెల్డ్ చేశాడు. రెండోవైపు బ్రాకెట్ కూడా విప్పి చూశాడు, అది గట్టిగానే ఉంది. ఆ గోరంత బుడగ గోకితే అరచేయంత కన్నమైంది, అక్కడా పాత రేకు కోసేసి కొత్తది అతికించాల్సి వచ్చింది. పైపైన తుప్పున్న చోట్ల పెళ్లలన్నీ బ్రష్‌తో తీసేసి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న కన్వర్టర్ పూశారు. అది మిగిలిన తుప్పుని నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. చిల్లు పడ్డచోట దాన్ని పూసి లాభం లేదు, అయినా పూసేసి బండి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ తర్వాత జింక్ ప్రైమర్, రంగు, చివర్లో పొడవాటి గొట్టంతో ఛాసిస్ లోపలికి మైనం కొట్టాం. ఆ పని నేనే చేశాను, కింది చిల్లుల్లోంచి మైనం బొట్లు బొట్లుగా కారేదాకా.

మీరు కొనబోయే బండి కింద కొత్త నల్లరంగు కనబడితే దాన్ని లిఫ్ట్ ఎక్కించి సుత్తితో తట్టి చూస్తానని అడగండి. వద్దంటే అక్కడినుంచి వచ్చేయండి, ఇంజన్ ఎంత బాగున్నా సరే. కింద అక్కడక్కడా ఎర్రగా కనిపిస్తూ, ఏ రంగూ కొట్టని బండి దానికంటే నయం, కనీసం ఏముందో కనబడుతుంది. పైకి అంత శుభ్రంగా కనబడకపోయినా నేను అలాంటిదే కొంటాను. అల్యూమినియం బాడీ అయితే తుప్పు బెడద లేదనీ అనుకోకండి, అది ఇనుప ఛాసిస్‌ని తాకేచోట తెల్లటి పొడిలా మారుతూ పోతుంది.

రాత్రి గట్టి వాన పడింది. పొద్దున్నే లేచి మ్యాట్లన్నీ ఎత్తి చేత్తో తడిమాను, పొడిగానే ఉంది. ఎడమవైపు వెనక తలుపు కింద మాత్రం ఒక నీటి చిల్లు ఇంకా మూసుకుపోయే ఉంది, తలుపు కదిపితే లోపల నీళ్ల చప్పుడు. సన్నటి తీగ కోసం వెతుకుతున్నాను.