గ్రూప్-2 ఎకానమీ పేపర్ నేనెట్ల చదివిన్నంటే (అడిగినోళ్లందరికీ ఒక్కటే జవాబు)

గ్రూప్-2 (తెలంగాణ సర్కారు ఉద్యోగాల పరీక్ష) సెలెక్షన్ లిస్టుల నంబర్ చూసుకున్నప్పటి సంది ఫోన్ ఆగుతలేదు, అందరిదీ ఒకటే ప్రశ్న, అక్కా పేపర్-3 (ఎకానమీ) ఎట్ల చదివినవ్, నోట్స్ ఉంటే పంపు అని. ఒక్కొక్కరికి చెప్పుడు నాతోని కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్న. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినయే, వదిలేస్తున్న. హిస్టరీ, పాలిటీ అందరు చదివినట్టే చదివిన. తెలంగాణ ఉద్యమం పేపర్ మనం చూసుకుంట పెరిగిందే, చెప్పేదేం లేదు. నన్ను లిస్టుల నిలబెట్టింది ఎకానమీ, అండ్ల గూడ ఒక్క ముచ్చట: కరోనా మాంద్యం, దాని తర్వాత దేశం ఎట్ల లేచింది, మన రాష్ట్రం ఎట్ల లేచింది.

మాది సిరిసిల్ల. బాపు సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తడు, అమ్మ బీడీలు చుడుతది. నాది బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ, ఎకనామిక్స్ వాసన గూడ లేదు. 2021 ఆగస్టు ఆఖరుకు టీవీల వార్త వచ్చింది, ఏప్రిల్-జూన్ క్వార్టర్‌ల జీడీపీ (దేశం మొత్తం ఉత్పత్తి విలువ) 20.1 శాతం పెరిగింది, రికార్డు అని. బాపు అన్నం తినుకుంట అన్నడు, "ఏందే బిడ్డా, దేశం గంతగనం పెరిగిందంటున్నరు, మరి బతుకమ్మ చీరలు నేసినన్ని రోజులే గదా సాంచ నడిచేది, బయటి గుడ్డ అడిగెటోడే లేడు?" నాకు జవాబు రాలె. డిగ్రీ చదివిన బిడ్డ ముంగట ఆ ప్రశ్న పెట్టి ఆయన చెయ్యి కడుక్కుని పోయిండు.

ఆ రాత్రి నోట్‌బుక్ తీసి లెక్క వేసిన. 2019 ఏప్రిల్-జూన్‌ల 35.66 లక్షల కోట్లు, 2020ల అదే క్వార్టర్ 26.95, 2021ల 32.38 (2011-12 ధరల ప్రకారం). అంటే 100 ఉన్నది 76 అయింది, 76 మీద 20 శాతం పెరిగితే 91 అయింది. రికార్డు పెరుగుదల అన్నా గూడ రెండేండ్ల కిందటి కాడికి ఇంకా చేరలేదన్నట్టు. పోల్చే అంకె చిన్నదైతే పెరుగుదల పెద్దగ కనవడుతది, దీనికే బేస్ ఎఫెక్ట్ అని పుస్తకంల రెండు లైన్ల డెఫినిషన్ ఉంటది, దాన్ని ఎన్నిసార్లు చదివినా ఎక్కలే, బాపు ప్రశ్నతోని ఎక్కింది. నిర్మాణ రంగం చూడుండ్రి, 2020ల 50 శాతం దాక పడ్డది, మరుసటేడు 68.3 శాతం లేచింది (100 ఉన్నది 50 అయి, లేచినంక గూడ 84 కాడనే ఉన్నది), 68 పెద్దది కాబట్టి లాభమే అనుకుంటే ఆప్షన్ తప్పు పెట్టినట్టే. ఇది స్టేట్‌మెంట్ టైప్ ప్రశ్నలకు బంగారం.

అప్పటి సంది ఏ అంకె చూసినా రెండే అడుగుతుంటి: దేనితోని పోల్చి చెప్తున్నరు, ఇది మా ఊర్ల ఏడ కనవడుతది అని.

ఉదాహరణకు మన దేశంల జీడీపీ మైనస్‌ల పడ్డ సంవత్సరాలు 1957-58, 1965-66, 1972-73, 1979-80, మళ్ల 2020-21. అందరు ఇవి బట్టీ పడ్తరు. కానీ పాత నాలుగింటిల ప్రధానంగ దెబ్బతిన్నది వ్యవసాయం, వానలు మొఖం చాటేసిన ఏండ్లు అవి (79-80ల చమురు ధరలు గూడ తోడైనయ్). 2020ల కథ ఉల్టా. ఆ మొదటి క్వార్టర్‌ల మొత్తం ఎకానమీ 23.9 శాతం పడిపోయిందని మొదటి అంచనా వస్తే, వ్యవసాయం 3.4 శాతం పెరిగింది, ట్రేడ్-హోటల్స్-ట్రాన్స్‌పోర్ట్ 47 శాతం కూలింది. రెండు క్వార్టర్లు వరుసగ మైనస్ కాబట్టి టెక్నికల్ రిసెషన్ అన్నరు. ఇగ మన రాష్ట్రానికి రాండ్రి. అదే 2020-21ల తెలంగాణ ఐటీ ఎగుమతులు 1,28,807 కోట్ల నుంచి 1,45,522 కోట్లకు పోయినయ్, 13 శాతం దాక. వడ్లు కొనే ఐకేపీ సెంటర్లల్ల కుప్పలు పెట్టే జాగ లేకుండె. మరి అదే రాష్ట్రంల సిరిసిల్ల సాంచాలు బందు పడ్డయ్. కొందరు పైకి లేస్తే కొందరు కిందికే పోవుడు, దీన్ని కే-షేప్ రికవరీ అని కోచింగ్‌ల బోర్డు మీద రెండు గీతలు గీస్తరు, నాకైతే పై గీత హైటెక్ సిటీ, కింది గీత సిరిసిల్లల మా బీవై నగర్. తలసరి ఆదాయంల రంగారెడ్డి జిల్లా ఎందుకు ముందటుంటది, రాష్ట్ర సగటు చూసి మురిసిపోతే ఏం దాగిపోతది, అన్నీ ఈ ఒక్క బొమ్మలకెల్లి వస్తయ్.

బతుకమ్మ చీరలు గూడ సిలబస్సే అని నాకు లేటుగనే తట్టింది. 2017ల మొదలైంది, ఏడాదికి కోటి చీరల దాక, దాదాపు 300 కోట్ల పని ఉండె. ప్రైవేట్ డిమాండ్ లేనప్పుడు సర్కారు కొంటే కూలీ చేతికి పైసలొస్తయ్, కూలీ కిరాణం కొంటడు, కిరాణపోడు ఇంకోటి కొంటడు, గుణకం అంటే గదే. దేశం స్థాయిల ఉపాధి హామీకి 2020-21 బడ్జెట్‌ల 61,500 కోట్లుంటే మీదికెళ్లి 40,000 కోట్లు ఎందుకిచ్చిన్రో దీంతోనే సమజైతది. కేంద్రం ద్రవ్యలోటు (రాబడిని మించిన ఖర్చు) ఆ ఏడు జీడీపీల 9.2 శాతానికి ఎందుకు పోయిందో గూడ. సర్కారు ఆర్డర్ ఆగితే ఏమైతదో సిరిసిల్లోళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ మాట ఇంతటితోని ఆపుత.

తర్వాత హైదరాబాద్‌ల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వచ్చిన. ఆర్‌బీఐ రెపో (బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి పెంచిన ఆ పది నెలలల్లనే మా హాస్టల్ ఫీజు గూడ పెరిగింది. 2022 ఏప్రిల్‌ల ద్రవ్యోల్బణం 7.79 శాతం అని నేను మర్చిపోను, ఎందుకంటే ఆ ఎండాకాలం మా హాస్టల్ల పప్పు నీళ్లైంది. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ, మధ్యాహ్నం 5 రూపాయల భోజనం, మళ్ల లైబ్రరీ. ఫోన్ రూంల వదిలేసి పోతుంటి. ఇక్కడ ఒక మాట చెప్పాలె, రీల్స్ చూసుకుంట, చాయ్ కాడ కటాఫ్ ఎంతుంటదని గంటలు గంటలు ముచ్చట పెట్టుకుంట టైం దొరుకుతలేదు అనెటోళ్లను చాలామందిని చూసిన. టైం అందరికీ గంతే ఉంటది. పెండ్లి ఎప్పుడు చేస్తరని చుట్టాలు బాపును అడిగిన ప్రతిసారి నేనేం జవాబు చెప్పలె, ఇప్పుడూ చెప్పను. వాయిదాలు పడ్డయ్ కాబట్టే నీకొచ్చింది అన్నోళ్లు గూడ ఉన్నరు. 2022 డిసెంబర్‌ల నోటిఫికేషన్, 2024 డిసెంబర్‌ల పరీక్ష, మధ్యల ఎన్నిసార్లు వాయిదా పడ్డదో మీకెరికే. వాయిదా నా ఒక్కదానికే పడ్డదా? రాష్ట్ర సర్కారు ఏటా తెచ్చే సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్ కొత్తది వచ్చినప్పుడల్లా పాత అంకె కొట్టేసి కొత్తది రాసుకున్న, పక్కకు ఎందుకు మారిందో ఒక లైన్. బట్టీ పట్టినోళ్లకు వాయిదా శిక్ష, కారణం రాసుకున్నోళ్లకు రివిజన్, నా తప్పేముంది అండ్ల.

ఇప్పుడు మొదలుపెట్టెటోళ్లకు, ఈ మధ్యటి పరిస్థితి గూడ గట్లనే చదువుండ్రి. పాత సిరీస్ లెక్కన 2024-25 వృద్ధి 6.5 శాతం, 2025 జూన్ క్వార్టర్ 7.8. రెపో 2025 ఫిబ్రవరి నుంచి తగ్గించుకుంట జూన్ కల్లా 5.5కు తెచ్చిన్రు. అమెరికా 50 శాతం సుంకం 2025 ఆగస్టు 27 నుంచి పెట్టింది, అది చదివేటప్పుడు భీమవరం ఎగుమతి రొయ్యల చెరువు గుర్తుంచుకోండి, ఏపీపీఎస్సీ రాసేటోళ్లయితే మరీ. జీఎస్టీ కొత్త స్లాబులు (పన్ను రేట్లు) 2025 సెప్టెంబర్ 22 నుంచి అని అందరు రాసుకున్నరు, కానీ బీడీ మీద 28 శాతం నుంచి 18కి తగ్గించాలని కౌన్సిల్ నిర్ణయమైతే చేసింది గని ఆ తారీఖు నుంచి అమలయ్యే లిస్టుల బీడీ లేకుండె. ఇది అమ్మ అడిగితే వెతికి తెలుసుకున్న, "మాకేమన్న కలిసొస్తదా బిడ్డా" అని.

ఇగ నోట్స్ పీడీఎఫ్ సంగతి. పంపను, ఏమనుకోకుండ్రి. జీడీపీ కొత్త సిరీస్ 2022-23 బేస్ ఇయర్‌తోని (ఆ ఏడు ధరలతోని లెక్క) 2026 ఫిబ్రవరిల వచ్చింది, దాంతోని నేను రాసుకున్న అంకెలల్ల సగం పనికిరావు. ఔట్‌లుక్ ఫ్రీగనే దొరుకుతది, డౌన్‌లోడ్ చేసుకుని మీ జిల్లా పేజీ నుంచి మొదలుపెట్టుండ్రి. డౌట్లుంటే కింద అడగండి, జాయినింగ్ లోపు వీలైనంత వరకు రిప్లై ఇస్త.