నా పేరు నాదేనని నమ్మించడానికి ఎంత కష్టమో: క్రెడిట్ ఫ్రీజ్ అనుభవం

మూడో క్రెడిట్ బ్యూరో (మన అప్పుల చరిత్రను రిపోర్టుగా దాచే సంస్థ) నుంచి ఫ్రీజ్ పెట్టామని కన్ఫర్మేషన్ లెటర్ ఇవాళే వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

మేముండేది డాలస్ దగ్గర. నేను అప్లై చేయని క్రెడిట్ కార్డు నా పేరున మంజూరైందని ఒక బ్యాంకు ఉత్తరం పంపింది. ఎవరో నా సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) వాడేశారు. ఆ కార్డు మూయించి, ఇలాంటి మోసాలపై ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో రిపోర్టు ఇచ్చాను. అంతవరకూ సాఫీగానే సాగింది.

తర్వాత ఫ్రీజ్. అది పెడితే కొత్తగా అప్పిచ్చేవాళ్లకు మన రిపోర్టు అందదు, కాబట్టి దొంగకు మన పేరున అప్పు పుట్టడం కష్టం. 2017లో ఈక్విఫాక్స్ అనే బ్యూరో నుంచి 14 కోట్ల మందికి పైగా వివరాలు బయటికి పోయాయి. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చట్టం తెచ్చింది. 2018 సెప్టెంబరు 21 నుంచి ఫ్రీజ్ పెట్టడం, తీయడం దేశమంతా ఉచితం. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో దీనికి ఫీజు గుంజేవాళ్లు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, మూడింటిలోనూ ఎవరికి వారే విడిగా పెట్టుకోవాలి.

రెండింట్లో టీ చల్లారేలోపు పనైపోయింది. మూడోదాని పేరు చెప్పను.

వాళ్ల సైట్ పాత అడ్రసులు, కారు లోను గురించి ప్రశ్నలేసింది. అన్నిటికీ సరిగ్గా చెప్పినా ‘మిమ్మల్ని ధ్రువీకరించలేకపోయాం’ అంది. ఫోన్ చేశాను. మన పేర్ల సంగతి తెలిసిందే కదా. నా ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒక చోట, వాళ్ల ఫైల్లో ఇంకో చోట ఉంది. పాత రికార్డులో ఉత్త ఇనీషియల్ ఉంది. ఫోన్లో ఉన్నావిడ ఒక్కో అక్షరం చెప్పించుకుంది. ‘ఇది నిజంగా మీ పూర్తి పేరేనా?’ అని మళ్లీ మళ్లీ అడిగింది. చివరికి, వేరేవాళ్ల ఫైలు అడుగుతున్నారేమో అన్నట్టు మాట్లాడింది. పక్క గదిలో మా నాన్నగారు వింటున్నారు. ఆయన పెట్టిన పేరది. తల కొట్టేసినట్టయింది.

దొంగకు మాత్రం ఇన్ని ప్రశ్నలెందుకు లేవు? వాడికి ఒక్క నంబరుతో కార్డు ఇచ్చారు. అలాంటి కార్డులు ఇక పుట్టకుండా ఆపమని అడిగిన నేను పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ కార్డు, కరెంటు బిల్లు కాపీలు పోస్టులో పంపాలట! ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో అడిగితే ఒక పనిదినంలో ఫ్రీజ్ పెట్టాలని చట్టం చెబుతుంది. కానీ ఆ లెక్క సరైన గుర్తింపు చూపించాకే మొదలవుతుంది. ఏది సరైనదో తేల్చే పని వాళ్ల చేతిలోనే ఉంది. చట్టంలో నాకు నచ్చనిది ఇదొక్కటే.

కాపీలు సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను. జవాబు లేకపోతే వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ, అదే సీఎఫ్‌పీబీకి ఫిర్యాదు చేశాను. ఆ తర్వాతే కదిలారు. మీకూ ఇలాగే అయితే ఫోన్లో బతిమాలొద్దు, నేరుగా ఫిర్యాదు పెట్టండి. మధ్యలో ‘లాక్’ అని నెలవారీ ప్యాకేజీ అంటగట్టబోతారు, తీసుకోకండి. చట్టం ఇచ్చే హక్కు ఉచిత ఫ్రీజ్‌కే.

ఇంకో మాట. అద్దె ఇంటి కోసమో కన్సల్టెన్సీ అడిగిందనో మన పిల్లలు సోషల్ సెక్యూరిటీ నంబరును వాట్సాప్‌లో పెట్టేస్తున్నారు. దయచేసి మానండి. మా కాంప్లెక్స్‌లో తెలుగు కుటుంబాలన్నిటినీ నేనే దగ్గర కూర్చోబెట్టి ఫ్రీజ్ పెట్టించాను.

16 ఏళ్లలోపు పిల్లలకు కూడా తల్లిదండ్రులు ఉచితంగా పెట్టించవచ్చు. మా పాప బర్త్ సర్టిఫికెట్ కాపీలు కవర్లలో పెట్టేశాను, రేపు పోస్టు చేస్తాను.