గిన్నెలు తోముతుంటే బేస్ మాయమైంది

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఈ రోజు గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఆలస్యంగా లేచాను. సింకులో రెండు రోజుల గిన్నెలు. సాయంత్రం వస్తానని చెప్పి అక్క వాళ్ల పిల్లాణ్ని నా దగ్గర దింపేసి వెళ్లింది. వాడికి పదకొండేళ్లు, కుదురు తక్కువ.

గిన్నెల ముందు నిలబడ్డప్పుడు పాటలు లేకపోతే నా చేతులు కదలవు. ఫోన్ కిటికీ గట్టు మీద పెట్టి అమెరికన్ రాక్ బ్యాండు ఫ్యుగాజీ వాళ్ల 'వెయిటింగ్ రూమ్' మొదలెట్టాను. 1988 నాటి పాట. జో లాలీ బేస్ (లోతైన కింది స్వరాలు పలికే నాలుగు తీగల వాద్యం) ఒక్కటే ముందు వస్తుంది, తర్వాత మిగతావాళ్లు వచ్చి చేరతారు. అంతా ఊపందుకున్నాక, ఇరవై సెకన్లు దాటాయో లేదో, ఠక్కున ఆగిపోతుంది. ఏమైందా అని మనం అటు చూసేంత నిశ్శబ్దం. మళ్లీ మొదలు. నాకు కంఠతా వచ్చిన పాట ఇది. కానీ ఇవాళ ఫోన్లోంచి వచ్చింది వింటే, ఎవరో గోటితో అట్టపెట్టె మీద కొడుతున్నట్టుంది. పంపు తిప్పగానే అదీ పోయింది.

"మామయ్యా, పాట రావట్లేదు," అన్నాడు వాడు.

"వస్తోందిరా. బేస్ వాయిస్తున్నాడు."

"ఎక్కడ?"

సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయాను. వాడి తప్పేం లేదు. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకి దాదాపు 41 సార్లు ఊగుతుంది. అంత కింది స్వరాన్ని పలికించడం గోరంత స్పీకర్ వల్ల అయ్యే పని కాదు. ఆ స్వరం మీద పుట్టే పై స్వరాలు కొన్ని బయటికొస్తాయి, వాటిని పట్టుకుని కింద ఉండాల్సినదాన్ని మెదడే పూడ్చుకుంటుంది. నా మెదడుకి పాట ముందే తెలుసు కాబట్టి ఇంకా సులువుగా పూడ్చుకుని ఉంటుంది. అంటే ఇన్నాళ్లూ వంటింట్లో నేను విన్న బేస్‌లో సగం నా జ్ఞాపకమేనన్నమాట.

గిన్నెలు అలాగే వదిలేసి అలమరలో పాత వైరు హెడ్‌ఫోన్స్ వెతికి తీశాను. చెవుల మీది మెత్త ఊడిపోయింది, టేపు చుట్టి వాడి తలకి తగిలించి మళ్లీ పెట్టాను. కళ్లు పెద్దవి చేశాడు. తర్వాత మూలన ఉన్న నా బేస్ వైపు చూసి, "దీనికి నాలుగే తీగలు కదా, గిటార్ కన్నా తేలికే," అన్నాడు.

కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఎందుకంటే నాకిష్టమైన బేసిస్టు మైక్ వాట్ కూడా చిన్నప్పుడు బేస్ అంటే నాలుగు తీగల గిటారేననుకున్నాడు. కాలిఫోర్నియాలో శాన్ పెడ్రో కుర్రాడు. స్నేహితుడు డీ బూన్ గిటార్ వాయిస్తాడు, నువ్వు బేస్ వాయించమని బూన్ వాళ్లమ్మ చెప్పింది. బేస్ అంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు. మామూలు గిటార్‌కి నాలుగు తీగలు కట్టి ఇదే బేస్ అనుకుని వాయించాడు. అసలుది కళ్లారా చూసినప్పుడు ఆ తీగల లావు చూసి నోరెళ్లబెట్టాడు. తర్వాత ఆ ఇద్దరూ మినిట్‌మెన్ అనే బ్యాండులో వాయించారు. 1984లో నలభైకి పైగా పాటలతో రెండు రికార్డుల ఆల్బమ్ తెచ్చారు. అందులో బూన్ గిటార్ సన్నగా, గీసినట్టు ఉంటుంది, కింది స్వరాల భాగమంతా కావాలనే ఖాళీగా వదిలేశాడు. ఆ ఖాళీలో వాట్ పరుగులు తీస్తాడు. గిటార్ వాళ్లు తమ సౌండ్ పెంచుకోవడం మామూలే. పక్కవాడికి చోటివ్వాలని తగ్గించుకున్నవాణ్ని నేను ఇంకొకణ్ని చూడలేదు. 1985 డిసెంబర్‌లో వ్యాన్ ప్రమాదంలో బూన్ పోయాడు. ఆ భాగం పిల్లాడికి చెప్పలేదు.

మధ్యాహ్నం బట్టలు మడతపెట్టే పని. వాడు సాయం చేస్తానన్నాడు గానీ చేసింది తక్కువ. నా పాత క్లాష్ బ్యాండు టీషర్ట్ పైకెత్తి, దాని మీది ఫోటో చూసి, "ఇతనెందుకు గిటార్ విరగ్గొడుతున్నాడు?" అని అడిగాడు. ఇది నేను ఎంతమంది నోట విన్నానో! అది గిటార్ కాదు, బేస్. క్లాష్ బేసిస్టు పాల్ సిమనన్ చేతిలోని ఫెండర్ ప్రెసిషన్ రకం బేస్. 1979 సెప్టెంబర్‌లో న్యూయార్క్ పల్లాడియం హాల్లో పెన్నీ స్మిత్ తీసిన ఫోటో. ఫోకస్ సరిగ్గా లేదని ఆవిడ వద్దంటున్నా 'లండన్ కాలింగ్' ఆల్బమ్ అట్ట మీదికి ఎక్కింది. రాక్‌లో ఇంతకన్నా పేరున్న ఫోటోలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఉన్నది బేసిస్టు, అయినా జనం చెప్పేది గిటార్ అనే. బ్యాండులో చేరినప్పుడు సిమనన్‌కి వాయించడమే రాదు, ఏ స్వరం ఎక్కడుందో గుర్తుండడానికి బేస్ మెడ మీద స్వరాల పేర్లు రాసుకున్నాడు. అలా మొదలైనవాడే అదే ఆల్బమ్‌లో 'ది గన్స్ ఆఫ్ బ్రిక్స్‌టన్' రాసి, పాడాడు కూడా. ఆ పాటలో బేస్ తీసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించండి. (ఎవరికి చెబుతున్నాను, డైరీలో!)

ఆ తర్వాత కాసేపు మనసు స్మిత్స్ బ్యాండు బేసిస్టు ఆండీ రూర్క్ మీదికి పోయింది. స్మిత్స్ అనగానే అందరూ జానీ మార్ గిటార్ గురించి చెబుతారు, లేదా గాయకుడు మోరిస్సీని తిట్టుకుంటారు. రూర్క్ మార్‌కి బడినాటి నేస్తం. 1985 ఆల్బమ్‌లోని 'బార్బరిజం బిగిన్స్ ఎట్ హోమ్' ఏడు నిమిషాలు నడుస్తుంది, నడిపేది అతనే. వరసగా రెండుసార్లు విన్నాను. రెండోసారి గొంతునీ గిటార్‌నీ వదిలేసి అతని వేళ్లనే పట్టుకుని వెళ్లాను. పాటలోపల ఇంకో పాట. ఇక డబ్బు పంపకం చూస్తే బ్యాండు ఆదాయంలో రూర్క్‌కీ డ్రమ్మర్ మైక్ జాయిస్‌కీ చెరి పది శాతం. జాయిస్ కోర్టుకెళ్లి 1996లో పాతిక శాతం గెలుచుకున్నాడు. రూర్క్ మాత్రం అంతకుముందే, 1989లో, 83,000 పౌండ్లకీ ఆ పది శాతానికీ ఒప్పుకుని ఊరుకున్నాడు. 2023 మేలో పోయాడు, 59 ఏళ్లకే. ఎవరూ పట్టించుకోలేదని ఊరికే వాపోవడం నాకు నచ్చదు గానీ, ఈ అంకెలు చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

వాడు నిద్రపోయాక హెడ్‌ఫోన్స్ నాకు దక్కాయి. మెటల్ బ్యాండు మెటాలికా 1988 ఆల్బమ్ పెట్టాను, బుద్ధిపూర్వకంగానే. అంతకు రెండేళ్ల ముందు స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో వాళ్ల బేసిస్టు క్లిఫ్ బర్టన్ చనిపోయాక ఆ చోటులోకి జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. అతను వాయించిన మొదటి పూర్తి ఆల్బమ్ ఇది. ఇందులో బేస్ ఉందంటే నమ్మాల్సిందే తప్ప వినిపించదు. మిక్సింగ్‌లో బ్యాండు వాళ్లే తగ్గించమన్నారు. అభిమానులు కూర్చుని బేస్ పెంచిన వెర్షన్లు సొంతంగా తయారుచేసుకున్నారు. పాటలు గొప్పవే, కాదనను. కానీ ఎంత సౌండ్ పెంచినా కాళ్లు నేలకి ఆనవు. బేస్ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే వివరించడం మానేసి ఇకనుంచి ఇదే వినిపిస్తాను.

ఇంకో చిరాకు. 'గుర్తింపు రాని బేసిస్టులు' అని ఎవరు జాబితా వేసినా పైన 'ది హూ' బ్యాండు బేసిస్టు జాన్ ఎంట్విజిల్ ఉంటాడు. 1965లోనే హిట్ పాట మధ్యలో బేస్ సోలో కొట్టిన మనిషికి గుర్తింపు రాకపోవడమేమిటి? నన్నడిగితే జోసెఫిన్ విగ్స్ పేరు చెబుతాను. బ్రీడర్స్ అనే బ్యాండు 1993 పాట 'కానన్‌బాల్' మొదట్లో ఆ జారుడు బేస్ ఆమెదే. రిహార్సల్‌లో ఒక స్వరం తప్పు వాయించింది, గిటార్ వచ్చాక సర్దుకుంది. ఆ తప్పు బాగుందని అలాగే ఉంచేశారు. రికార్డులోనూ ముందు తప్పే, గిటార్ రాగానే ఒప్పు. ఆ పాట వినగానే చాలామంది అదే బ్యాండులోని కిమ్ డీల్ బేస్ అనుకుంటారు. అంతకుముందు పిక్సీస్ బ్యాండులో డీల్ బేసిస్టుగా ఉండేది కదా మరి. ఇందులో ఆమె చేతిలో ఉన్నది గిటార్.

అక్క రావడానికి అరగంట ముందు వాడు లేచి, వాయించి చూపించమన్నాడు. బేస్ శబ్దాన్ని పెంచి వినిపించే నా ఆంప్ రెండు వారాలుగా రిపేరు షాపులో ఉంది. ఎప్పుడడిగినా "రేపు" అంటున్నారు. ఆంప్ లేని బేస్ అంటే రబ్బరు బ్యాండు లాగినట్టే, పక్కన కూర్చున్నవాడికి కూడా వినపడదు. అయినా ఒళ్లో పెట్టుకుని వాయించాను. "మళ్లీ రావట్లేదు," అన్నాడు.

"చెవి ఇక్కడ ఆనించు," అని బేస్ పైకొమ్ము చూపించాను. ఆంప్ లేనప్పుడు నేను దవడ ఆనించేది అక్కడే. వాడు వంగి చెక్కకి చెవి పెట్టాడు. లావు తీగ ఒక్కసారి మీటాను. ఏమీ అనలేదు, కదల్లేదు కూడా. తీగ ఆగేదాకా అలాగే ఉండి, "ఇంకోసారి," అన్నాడు.

అక్క వచ్చి తలుపు కొట్టేదాకా అదొక్క తీగే మీటుతూ కూర్చున్నాను. వేలు ఎర్రబడింది. గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి.