చిక్కిపోకుండా షుగర్ తగ్గించుకున్నాను

షుగర్ ఉందని తెలిసేనాటికే బాగా చిక్కిపోయాను. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. ఒకటే దాహం, రాత్రి పదేపదే లేవడం, నాలుగు మెట్లెక్కితే తొడల్లో సత్తువ లేకపోవడం. పరగడుపున 198, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4 అని రిపోర్టు వచ్చాక గానీ కారణం తెలియలేదు. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయట. తిన్నది అలా పోతుంటే శరీరం తన కొవ్వునీ కండనీ కరిగించి వాడుకుంటుంది.

బరువు పడిపోతుండడం చూసి డాక్టర్ గారు వెంటనే టైప్ 2 అని తేల్చేయలేదు. సి-పెప్టైడ్, జీఏడీ యాంటీబాడీ పరీక్షలు రాశారు. ఒంట్లో ఇన్సులిన్ ఏ మేరకు తయారవుతోందో మొదటిది చెబుతుంది. దాన్ని తయారుచేసే కణాల మీద మన రోగనిరోధక వ్యవస్థే దాడి చేస్తోందా అన్నది రెండోదాంట్లో తెలుస్తుంది. సన్నగా ఉన్నవాళ్లు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవాళ్లు ఈ విషయం తప్పకుండా అడగాలి. అలా దాడి జరిగే టైప్ 1 అయితే తిండీ నడకా సరిపోవు, ఇన్సులిన్ తీసుకుని తీరాలి. నాది టైప్ 2 అనే తేలింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టి, డైటీషియన్ దగ్గరికి పంపారు.

ఈలోపు చుట్టూ సలహాలు: అన్నం మానెయ్, పండ్లు ముట్టుకోకు, రాత్రిపూట ఏమీ తినకు. అక్క ఒక్కతే అడ్డుపడింది. "ఇప్పటికే గాలేస్తే పడిపోయేలా ఉన్నావు, ఇంకా ఏం మానేస్తావే?" అంది. డైటీషియన్‌దీ అదే మాట. నా కిడ్నీలు బాగానే ఉన్నాయని క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చూసి నిర్ధారించుకున్నాక, కిలో బరువుకు రోజుకు ఒక గ్రాముకు తగ్గకుండా ప్రొటీన్ అందాలన్నారు. గుడ్లు, పప్పులు, పెరుగు ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. అన్నం మానక్కర్లేదు, ఒక్క పూటే కుప్పగా తినకుండా పంచుకోవాలి. తగ్గించిన అన్నం తాలూకు కేలరీలు పల్లీలు, బాదం, గింజల నుంచి రావాలి. వాటిలోని కొవ్వు షుగర్‌ని ఒక్కసారిగా పెంచదు, బరువునీ నిలబెడుతుంది.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది తినే వరస. ఒక రోజు అన్నంతో మొదలుపెట్టి, మర్నాడు అదే కొలతలో అదే భోజనం కూర, గుడ్డు ముందు తిని అన్నం చివర తిన్నాను. రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్ మొదటి రోజు 214, రెండో రోజు 171 చూపించింది. పీచు, ప్రొటీన్ ముందు పడితే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, గ్లూకోజ్ రక్తంలోకి ఒక్క ఉదుటున రాదు. రెండు రోజుల లెక్కతో ఏదీ రుజువు కాదు, కానీ తర్వాత చాలాసార్లు చూసినా తేడా అటే మొగ్గింది.

భోజనమయ్యాక ఓ పావుగంట నడుస్తాను. కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజ్‌ని లోపలికి లాక్కుంటుంది. అయితే నాలాంటివాళ్లకు నడక ఒక్కటే చాలదు. గ్లూకోజ్‌ని దాచుకునే పెద్ద గిడ్డంగి కండరమే కాబట్టి కండ పోతే షుగర్ అదుపు కూడా పోతుంది. అందుకే వారంలో రెండు మూడు రోజులు బలం పెంచే వ్యాయామం చేయమన్నారు. మొదట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవబోతే మోకాళ్లు వణికేవి, ముందుకు తూలి కుర్చీ చేతిని పట్టుకునేదాన్ని. ఇప్పుడు రెండు చేతుల్లో నీళ్ల సీసాలు పట్టుకుని లేచి కూర్చుంటున్నాను. ఇన్సులిన్ గానీ, షుగర్‌ని బాగా దించే కొన్ని మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం వ్యాయామం పెంచేముందు డాక్టర్‌తో మాట్లాడాలి. షుగర్ 70 కంటే దిగిపోతే అది ప్రమాదం.

హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 6.7. పోయిన బరువులో చాలావరకు తిరిగొచ్చింది, నడుము కొలత మాత్రం పెరగలేదు. రిపోర్టులో అంకె కంటే నాకు ఇదే ఎక్కువ సంతోషం. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది కాబట్టి దాన్నీ అప్పుడప్పుడు పరీక్ష చేయించుకుంటున్నాను.

పరగడుపు షుగర్ ఒక్కటి ఇంకా మొండికేస్తోంది. తెల్లవారుజామున కొన్ని హార్మోన్లు పెరిగి, కాలేయం గ్లూకోజ్ వదలడం వల్ల కొందరికి ఇలా ఉంటుందని డాక్టర్ గారు చెప్పారు. రాత్రి భోజనం తగ్గించకుండా, కాస్త పెందలాడే తిని చూస్తున్నాను.