పెచ్చులూడిన చోట ఆగి చూస్తే

లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో జనం చూపంతా కిందే ఉంటుంది. వేలాడే స్తంభం అడుగున కండువానో చున్నీనో దూర్చి అవతలివైపు నుంచి లాగడం, లాగుతూ ఫొటో దిగడం అక్కడ తప్పనిసరి తంతు. స్తంభం నిజంగానే నేలకి పూర్తిగా ఆనదు, గుడ్డ సాఫీగా వచ్చేస్తుంది. మేమూ లాగాం, లాగకుండా ఎలా ఉంటాం! కానీ వెళ్ళిన పని అది కాదు. ఆ గుంపు తలల మీద, చీకట్లో, ఐదు వందల ఏళ్ళ నాటి బొమ్మలున్నాయి. వాటి కోసం వెళ్ళాం.

నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంటాను. ఈమధ్య ఏది వేసినా ఎప్పుడో వేసినదాన్నే మళ్ళీ వేస్తున్నట్టుండేది. అదే గుండ్రటి మొహం, అవే బుగ్గలు, కథ మారితే బట్టలు మారతాయి, అంతే. ఎవరూ వంక పెట్టలేదు, డబ్బులూ టైముకే వచ్చేవి, నాకే చేతికి రుచి పోయింది. మా పిన్ని కొడుక్కి కెమెరా పిచ్చి. "ఇంట్లో కూర్చుని స్క్రీన్ మీద వేరేవాళ్ళ బొమ్మలు చూస్తుంటే ఏం తడుతుందక్కా, పద" అని వాడే టికెట్లు తీశాడు. రాత్రి కాచిగూడలో ఎక్కి పొద్దున్నే హిందూపురంలో దిగాం. అక్కణ్ణించి లేపాక్షి 15 కిలోమీటర్లు, బస్సులకి కొదవ లేదు.

ఊళ్ళోకి వెళ్తూనే నంది పలకరిస్తుంది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, అంతా ఒకే రాయి. మెడలో గంటలు, గొలుసులు, పట్టెడలు ఎంత ఓపిగ్గా చెక్కారంటే, అంత పెద్ద జంతువుకి ఇంత నగిషీ అవసరమా అని ఒక్క క్షణం అనిపిస్తుంది. పొద్దుటి ఎండ పక్కనుంచి పడుతుంటే ఆ గంటల నీడలు బాగా వస్తాయని తమ్ముడు చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. నేను టీ తాగాను.

గుడి కూర్మశైలం అనే చిన్న రాతిగుట్ట మీద ఉంది. పేరుకు తగ్గట్టే తాబేలు వీపులా ఉంటుంది. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో, అంటే 1529 నుంచి 1542 మధ్య, పెనుకొండ ప్రాంతంలో అధికారం చేసిన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని కట్టించారు. బయటి ప్రాకారంలో ఎండకి కళ్ళు చిట్లించి లోపలి మండపంలోకి అడుగుపెడితే కాసేపటిదాకా ఏమీ కనిపించదు. కళ్ళు అలవాటుపడ్డాక ముందు స్తంభాల మీది నాట్యగత్తెలు, మద్దెల వాయించేవాళ్ళు బయటపడతారు, ఆ తర్వాత నెమ్మదిగా పైకప్పు.

పైకప్పంతా పొడుగాటి పట్టీలుగా విడగొట్టి ఉంటుంది. ఒక్కో పట్టీలో ఒక్కో కథ. పార్వతీ కల్యాణం, శివపార్వతుల పాచికలాట, కిరాతార్జునీయం, శ్రీరామ పట్టాభిషేకం. మెడ వెనక్కి విరిచి చూడటం కాసేపటికి చేతకాలేదు. గుడి బయట గాజులూ కుంకుమా అమ్మే కొట్టుకి వెళ్ళి ఒక చేతి అద్దం కొనుక్కొచ్చాను. నేల మీద కూర్చుని అద్దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే పైకప్పు కిందికి దిగొచ్చింది. కుడి ఎడమలు తారుమారవుతాయి గానీ మెడ దక్కుతుంది.

తమ్ముడి తిప్పలు వేరు. పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో ముందుగా అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. వెలుతురు చూస్తే లేదు, ఫ్లాష్ కొట్టడం వాడికే ఇష్టం లేదు. వాడు చేసిన పని నాకు నచ్చింది. తువ్వాలు మడతపెట్టి నేల మీద పరిచి, దాని మీద కెమెరాని వెల్లకిలా పడుకోబెట్టాడు. టైమర్ నొక్కి చెయ్యి తీసేస్తే, షటర్ ఎంతసేపు తెరుచుకున్నా బొమ్మ అదరదు. పైగా లెన్సు తిన్నగా పైకే చూస్తుంది కాబట్టి బొమ్మ వంకర పోదు. మధ్యలో ఒక తమాషా గమనించాడు. తెల్లపంచెల వాళ్ళు మండపం అంచున ఎండ పడేచోట నిలబడితే, ఆ తెలుపు మీద పడ్డ వెలుగు ఎగిరి పైకప్పుకి తగిలి రంగులు కాస్త తేరుకునేవి. పాపం వాళ్ళకి తెలియకుండానే వాళ్ళు మాకు లైటింగ్ అసిస్టెంట్లయ్యారు.

ఇద్దరం అలా నేలకి అతుక్కుపోవడం చూసి కాపలా ఆయన వచ్చాడు.

"ఏమ్మా, ఇంతసేపటి నుంచి కూకున్యారు. ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉందన్నా. బొమ్మలు చూస్తున్నాం."

అద్దంలోకి తొంగిచూశాడు. "ఇదే మేలు. అందరూ పైకి చూసి చూసి మెడలు పట్టుకుంటాండారు" అని, స్తంభం పక్కకి జరగమని చెప్పి, "యాడ కూకుంటే పంది కనపడతాదో చూపిస్తా రండి" అన్నాడు.

పంది అంటే కిరాతార్జునీయంలో పంది. శివుడు ఎరుకలవాడి వేషంలో, అర్జునుడు తపస్సులో, ఇద్దరి మధ్యా దూసుకొచ్చే అడవిపంది. లేపాక్షి బొమ్మల్లో అందరూ చెప్పుకునేది అదే, చెప్పుకోవాల్సిందే కూడా. మనుషులందరూ పక్కచూపుల్లో, నిలకడగా, కాస్త బిగుసుకుని నిలబడి ఉంటే, ఆ పంది ఒక్కటే ఒళ్ళంతా ఊపుతో ఉంటుంది.

కానీ నన్ను కట్టిపడేసింది పంది కాదు, పార్వతి పెళ్ళికి వరసగా నిలబడిన ఆడవాళ్ళు. ఒకళ్ళ చీరలాంటి చీర ఇంకొకళ్ళకి లేదు. గళ్ళు, చారలు, చుక్కలు, పూలు, మెలికలు. కొప్పు ఒకళ్ళది పక్కకి, ఒకళ్ళది వెనక్కి. ముక్కు కోసుగా, కన్ను చెవి దాకా సాగి. మొహాలన్నీ దాదాపు ఒకటే! మొహం మారకపోయినా వరస విసుగు పుట్టించడం లేదు. నేను ఇన్నాళ్ళూ నా బొమ్మల్లో మొహం ఒకేలా వస్తోందని కుమిలిపోతుంటే, ఇక్కడ ఒక చిత్రకారుడు మొహాన్ని అసలు పట్టించుకోకుండా చీరల మీదే కచేరీ చేసేశాడు. మగవాళ్ళ తలల మీద పొడుగాటి టోపీలున్నాయి. కర్ణాట రాజసభకి పోయేందుకు శ్రీనాథుడు తల మీద పెట్టుకోవాల్సి వచ్చిందని చెప్పుకునే కుళ్లాయి ఇలాగే ఉండేదేమో అనుకుని నవ్వొచ్చింది.

ఇంకోటి, నీలం రంగు. దాదాపు కనిపించదు. కావి ఎరుపు, పసుపుమన్ను, ఆకుపచ్చ, తెలుపు, నలుపు, గోధుమ, వీటితోనే గడుపుకొచ్చారు. నా ట్యాబ్లెట్‌లో లక్షల రంగులుంటాయి, వాటిలో ఏది వాడాలో తేల్చుకోలేక సగం పొద్దు పోతుంది.

ఈ రంగులు కూడా అన్నిచోట్లా లేవు. చాలా చోట్ల పెచ్చులూడిపోయాయి. మొదట బాధేసింది. ఆ తర్వాత అద్దాన్ని అటే తిప్పి చూడటం మొదలుపెట్టాను, ఎందుకంటే బాగా మిగిలిన బొమ్మ తన గుట్టు చెప్పదు. ఊడిన చోట అంతా తెలిసిపోతుంది. అడుగున నల్లరాయి, దాని మీద సున్నపు పూత, ఆ పైన చదునుగా వేసిన రంగు, అన్నిటికన్నా పైన కొసమెరుపులా నల్లటి గీత. ఒక స్త్రీ బొమ్మలో చెయ్యి రంగంతా రాలిపోయి గీత మాత్రం మిగిలింది. మోచేతి దగ్గర మొదలై వేళ్ళ దాకా ఒక్క ఊపులో పోయింది, మధ్యలో ఎక్కడా చెయ్యి ఆగిన గుర్తు లేదు. ఆ పక్కన ఇంకో బొమ్మలో గీత పోయి రంగు మిగిలింది. ఒట్టి ఎర్రటి మరక. అది మనిషని పక్కనున్నవాళ్ళని బట్టి ఊహించుకోవాల్సిందే. ప్రాణమంతా ఆ నల్లగీతలో ఉందని అప్పుడు అర్థమైంది. రంగు దానికి ఒట్టి బట్ట.

నోట్‌బుక్ తీసి ఆ చేతిని వెయ్యడానికి కూర్చున్నాను. పెన్సిల్ వద్దనుకుని ఇంకు పెన్నుతోనే. అద్దంలో చూస్తూ, పేజీ మీద పేజీ, అదే చెయ్యి. మోచేతి దగ్గర నా గీత ప్రతిసారీ సందేహిస్తూనే ఉంది. తమ్ముడు ఆ పట్టీ మొత్తాన్ని ఫొటోలు తీసేసుకుని, "ఇంటికెళ్ళాక పెద్దది చేసుకుని వేసుకోవచ్చు కదక్కా" అన్నాడు. వాడి ఫొటోలు నిజంగా బాగా వచ్చాయి, నా కంటికి ఆనని చీర అంచులు కూడా వాటిలో కనిపిస్తున్నాయి. కాకపోతే స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే అన్నీ ఒకే దూరంలో, ఒకే ముఖ్యంగా ఉంటాయి. అక్కడ కూర్చుని వేస్తుంటే, ఆనాటి చిత్రకారుడు నిచ్చెన మీదో పరంజా మీదో వెల్లకిలా పడుకుని, మొహం మీద సున్నం రాలుతుండగా ఆ గీత గీశాడన్నది మర్చిపోవడానికి వీలుండదు. ఫొటోగ్రఫీని తక్కువ చేయడం లేదు, నాకు రెండూ కావాల్సి వచ్చాయి.

గర్భగుడి ముందు కప్పు మీద వీరభద్రుడి పెద్ద బొమ్మ ఉంది. దాని కింద దర్శనానికి వచ్చే జనం ఆగరు, ఆగనివ్వరు. చూసీచూడనట్టే బయటికి వచ్చేశాం.

వెనకవైపు ఏడు పడగల నాగేంద్రుడు. వంటశాలలో తల్లి భోజనం సిద్ధం చేసేలోపు శిల్పులు ఈ రాతిని చెక్కేశారని ఒక కథ. నాకు ఆ కథలో తల్లి మీదే జాలేస్తుంది, ఎన్ని గంటలు వండిందో! ఇంకాస్త ముందుకి నడిస్తే కల్యాణమండపం. స్తంభాలు లేచాయి, కప్పు లేదు, ఆకాశమే కప్పు. ఖజానా సొమ్మంతా గుడికి పోశాడని విరూపణ్ణ మీద రాజుకి ఫిర్యాదు వెళ్ళిందని, కళ్ళు పీకెయ్యమన్నారని, రాజు కన్నా ముందే ఆయనే పీకేసుకుని గోడకి విసిరాడని చెబుతారు. గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. పిల్లలు ఆ మరకల ముందు భయంభయంగా నిలబడి ఫొటో దిగుతున్నారు.

మేము ఎక్కువసేపు గడిపింది మాత్రం ఆ మండపంలోనే. పూర్తయిన మండపంలో చూపు బొమ్మ నుంచి బొమ్మకి జారిపోతుంది. ఇక్కడ ఆగిపోయిన పని దగ్గర చూపూ ఆగుతుంది. పైన కప్పు వచ్చి ఉంటే ఈ స్తంభాల మీది దేవతలకి ఇంత ఎండ తగిలేది కాదు, తమ్ముడికి ఇన్ని నీడలు దొరికేవీ కావు. ఆ పక్కనే లతామండపం, స్తంభం స్తంభానికీ ఒక కొత్త అల్లిక. ధర్మవరం నేతగాళ్ళు చీర అంచులకి ఈ అల్లికల్ని తీసుకుంటారని చెబుతారు. ఆ మాట గైడు చెబుతుండగానే ఇద్దరు ఆడవాళ్ళు తమ చీర కుచ్చిళ్ళు రాతి పక్కన పెట్టి పోల్చి చూసుకున్నారు. కాస్త దగ్గరగానే ఉంది కూడా.

2022లో ఈ గుడినీ నందినీ యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద తాత్కాలిక జాబితాలోకి తీసుకున్నారు. పూర్తి గుర్తింపు వస్తే జనం ఇంకా పెరుగుతారు. ఇప్పటికే శని, ఆదివారాల్లో బెంగళూరు కార్లు బారులు తీరుతున్నాయి. బొమ్మలు చూడాలనుకునేవాళ్ళు మామూలు రోజు పొద్దున్నే వెళ్ళడం మంచిది. అద్దం మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్ళండి, అక్కడ దొరికేవి మరీ చిన్నవి.

మర్నాడు పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్ళి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలతో కడుపు నింపుకుని నిమ్మలకుంట చేరాం. తోలుబొమ్మలు చేసే ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట ఆడించమనేవాళ్ళు తగ్గిపోయాక ఇప్పుడు చాలామంది దీపాలకి తొడుగులు, గోడకి పెట్టుకునే బొమ్మలు చేస్తున్నారు. మేము వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దాయన నేల మీద మేకతోలు పరుచుకుని కూర్చున్నాడు. వెంట్రుకలు తీసి, గీకి, ఆరబెట్టిన తోలు, వెలుతురుకి ఎత్తితే అవతల చెయ్యి మసగ్గా కనిపిస్తోంది. దాని మీద అప్పటికే సీతమ్మ గీత గీసి ఉంది. పక్కచూపు మొహం, కోసు ముక్కు, చెవి దాకా కన్ను. నిన్న పైకప్పు మీద చూసిన ఆడవాళ్ళకి చుట్టమే అనిపించింది.

ఆయన చిన్న ఉలిని తోలు మీద నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తున్నాడు. ఒక బొక్క. మళ్ళీ పక్కన ఇంకోటి. నగలన్నీ ఆ బొక్కలే. తెర వెనక దీపం పెడితే హారంలోంచి, వడ్డాణంలోంచి వెలుగు చిమ్ముతుంది. కొలత లేదు, గుర్తు లేదు, అయినా వరస చెదరడం లేదు.

"గీత వంకరపోతే ఏం చేస్తారు తాతా?" అడిగాను.

"పోతే పోతాది పాపా. దాన్నే చీర మడత చేసేస్తా."

గోడకి రంగులేసిన రాముడు, హనుమంతుడు, పది తలల రావణుడు వేలాడుతున్నారు. మంచి బొమ్మలే. నా చూపు మాత్రం ఆ మూలన ఉన్న నెమలి మీదికి పోయింది, గీత గీసి, బొక్కలన్నీ కొట్టి, రంగు వెయ్యకుండా వదిలేసిన తోలు నెమలి. అది ఇమ్మన్నాను.

"అది అయిపోలేదు. రేపటికి రంగులేసి ఇస్తా, ఉండండి."

"రంగొద్దు తాతా, ఇలాగే కావాలి."

ఆయన తమ్ముడి వైపు చూశాడు, ఈ పిల్లకి ఏమైంది అన్నట్టు. తమ్ముడు భుజాలెగరేసి, రంగు లేదు కదా, ధర కాస్త తగ్గిస్తారేమోనని అడిగాడు.

"రంగు మా మనవరాలు గూడా ఏస్తాది అప్పా" అన్నాడు పెద్దాయన, నెమలిని పేపర్లో చుడుతూ. "తగ్గించేదానికి ఇందులో ఏముంది?"

అడిగినంతా ఇచ్చాం. ఆ వారం పత్రికకి పంపాల్సిన బొమ్మల్లో ముందు నల్లగీతలన్నీ ఇంకుతో కాగితం మీద వేశాను, రంగుల్లో నీలం తీసేశాను. సముద్రం కథ అది. ఆకుపచ్చ సముద్రమేంటండీ అని ఎడిటర్ గారు ఫోన్ చేశారు. ఇంకా బేరం నడుస్తోంది.